చంద్రిక పట్టుకున్న ప్రధాని

పోయిన నెల ఒక సాయంత్రం చిక్కబళ్ళాపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఎదురింటాయనతో టమేటా పంట గురించి వాదిస్తున్నాను. నాకు టమేటా పంట గురించి ఏమీ తెలియదు. ఆయన చింతామణి పక్కన ఏళ్ల తరబడి టమేటా పండించి, ఇప్పుడు కొడుక్కి అప్పగించి వచ్చిన మనిషి. అయినా వాదనలో నాదే పైచేయిగా ఉంది. ఆయన ఆలోచించి మాట్లాడతాడు, నేను ఆగకుండా మాట్లాడతాను, తేడా అంతే. ఆయన నోరు తెరవబోతుండగా నా ఫోను మోగింది. సోమేనహళ్ళి అవతల ఉన్న మా ఊరి బడి నుంచి, హెడ్‌మిస్ట్రెస్ సునందమ్మ.

"సార్, ఈ సారి శాలా సంసత్తు ఎలక్షన్ అయిపోయింది. గెలిచిన పిల్లోళ్ళకు నాయకత్వ తరబేతి పెట్టినాము. బెంగళూరు నుంచి ట్రైనర్ వస్తాండాడు. మీరు గూడా రావల్ల సార్. మీరు మన శాలలో ప్రధాని మంత్రిగా గెలిచింటిరంట కదా, ఊర్లో పెద్దోళ్ళు చెప్తాండారు."

"గెలిచిన మాట నిజమేనమ్మా," అన్నాను.

"అదే సార్. మాజీ ప్రధాని మాట్లాడితే పిల్లోళ్ళకు ఉషారు వస్తాది."

మాజీ ప్రధాని అనొద్దమ్మా అన్నాను. ఆమె దాన్ని వినయం అనుకుంది. బ్యానరు అచ్చుకు వెళ్లిపోయిందని, ఇంక మార్చడానికి లేదని చెప్పి ఫోను పెట్టేసింది. నన్నెరిగినవాళ్లెవరూ నాలో వినయం ఉందని అనరు. మా ఆవిడ అయితే లోపలి నుంచే నవ్వింది.

మా వైపు బడుల గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పార్లమెంటును కన్నడంలో సంసత్తు అంటారు. బళ్లో పిల్లలే ఓట్లు వేసుకుని మంత్రులను ఎన్నుకుంటారు. ఆహార మంత్రి మధ్యాహ్నం వంట చూసుకుంటుంది, ఆరోగ్య మంత్రి గోళ్లు తనిఖీ చేస్తుంది, క్రీడా మంత్రి బంతికి గాలి కొట్టిస్తాడు. వీళ్లందరి మీద ఒక ప్రధాని. ఇప్పుడు మొబైల్ ఫోనులో గుర్తు నొక్కితే కుయ్యిమని మోగుతుందట, అదే ఓటు. మా రోజుల్లో పాలపొడి డబ్బా మూతకు చీలిక పెట్టి అందులో చీటీలు వేయించేవారు. గెలిచినవాళ్లకు ప్రమాణ స్వీకారానికి ముందు తరబేతి, అంటే శిక్షణ, అప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉంది. అప్పటి తరబేతిలో నాకేమైందో ఊరివాళ్లు సగమే చెప్పారని సునందమ్మ మాటల్లోనే తెలిసిపోయింది.

సరే, వెళ్లాను. బడి గేటుకు ఒకటి, హాల్లో గోడకు ఒకటి, నా ఫోటోతో బ్యానర్లు కట్టారు. ఫోటో ఎక్కడ దొరికిందో గాని అందులో నేను తుమ్మబోతున్నాను. లోపల హాల్లో బెంగళూరు కుర్రాడు కాగితపు కప్పులు, రంగుదారాలు, రబ్బరు బ్యాండ్లు పరిచి పెట్టాడు. ఒక రబ్బరు బ్యాండుకు చుట్టూ దారాలు కట్టి ఉన్నాయి. ఒక్కో మంత్రి ఒక్కో దారం పట్టుకోవాలి. అందరూ సమంగా లాగితే బ్యాండు సాగుతుంది, దాన్ని కప్పు మీదికి దించి మెల్లగా వదిలితే కప్పును పట్టుకుంటుంది, అలా ఎత్తి కప్పు మీద కప్పు పేర్చాలి. చేత్తో ముట్టుకోకూడదు. దీన్ని టీమ్ బిల్డింగ్ అంటారని ఆ కుర్రాడు చెప్పాడు. ఒక దారం మిగిలిపోయింది. "సార్, మీరూ రండి," అన్నాడు. పిల్లలు ఒకసారి బ్యానరు వైపు, ఒకసారి నా వైపు చూసి జరిగి చోటిచ్చారు. నేను దారం అందుకున్నాను. అందరూ కలిసి పట్టుకోవలసిన వస్తువు అలా నా చేతికి రావడం బళ్లో చదివే రోజుల తర్వాత మళ్లీ ఇదే.

ఆ రోజుల్లో మా ఇల్లు మాది కాదు, పట్టుపురుగులది. నడిమింట్లో గోడ పొడుగునా స్టాండ్లు, వాటి మీద వెదురు తట్టలు, తట్టల నిండా పురుగులు. మేము వసారాలో పడుకునేవాళ్లం. మల్బరీ ఆకు కోసి తెచ్చి నీడన పరిచి దాని మీద తడిగోనె కప్పితే ఒక పచ్చి వాసన వచ్చేది. అన్నం తింటున్నా అదే వాసన, పుస్తకం తెరిచినా అదే. పెద్ద పురుగులు ఆకు తింటుంటే ఇంట్లో సన్నని జల్లు కురుస్తున్నట్టు చప్పుడు. చుట్టాలు వచ్చినప్పుడు వాన వస్తోందనుకుని బయట ఆరేసిన బట్టలు తీసుకురావడానికి లేచేవారు. పురుగు మధ్యమధ్య ఆకు మానేసి, తల పైకెత్తి కదలకుండా నిద్రపోతుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్క. పిల్లలకు నిజంగా జ్వరం వస్తే మా ఇంట్లో అంత గాభరా ఉండేది కాదు.

ఈ రాజ్యానికి రాణి మా అవ్వ, అంటే మా నాయన తల్లి. గడప దగ్గర సున్నపు పొడి గీత, పక్కన నీళ్ల తొట్టి. కాళ్లు కడుక్కోకుండా గీత దాటితే ఆకు బుట్టతో వీపు మీద ఒకటి పడేది. పురుగుకు వాసన పడదు. అందుకని నాలుగో జ్వరం దాటిందంటే ఇంట్లో తాలింపు బంద్. పప్పులో ఆవాలు చిటపటమనేది మళ్లీ పురుగు గూడు కట్టడం మొదలుపెట్టాకే. అన్నాళ్లూ తాలింపు లేని పప్పు, సంగటి. దేవుడికి అగరొత్తి కూడా లేదు, పంట దిగినాక ఒకేసారి కట్ట ముట్టిస్తానని అవ్వ మొక్కుకునేది. మా తాత బీడీ తాగుతాడని ఆయన్ను పశువుల కొట్టానికి పంపేసింది. ఆయన అక్కడి నుంచే సంగటి ఎప్పుడు తెస్తారని అరుస్తుండేవాడు. అవ్వ గడపలో నిలబడి లోపలికి వచ్చే ప్రతి మనిషినీ వాసన చూసేది. ఊరి పెద్దరెడ్డిని కూడా అలాగే చూసి, నశ్యం పీల్చి వచ్చాడని వసారా నుంచే సాగనంపింది.

ఆ ఏడు నేను ఏడో తరగతి. ఎన్నికలో నా మీద నిలబడింది రత్నమ్మ. ఊళ్లో ఓట్లు అడిగేది తెలుగులో, వేదిక మీద ఉపన్యాసం కన్నడంలో. నేను రెండింటిలోనూ దంచేశాను. శనివారం అంతా ఆటలే అన్నాను, బడికి బస్సు తెప్పిస్తానన్నాను, ఆ బస్సు ఎక్కడికి పోతుందో చెప్పలేదు. రత్నమ్మ వేదికెక్కి, నేను గెలిస్తే నీళ్ల ట్యాంకు కడిగిస్తాను అని ఒక్క మాట చెప్పి దిగిపోయింది. పిల్లలు నన్ను గెలిపించారు. ఓడినవాళ్లు కూడా మంత్రివర్గంలో ఉండాలని మా నంజుండప్ప మేష్ట్రు నియమం. మేష్ట్రు అంటే కన్నడంలో ఉపాధ్యాయుడు, మా అవ్వ నోట్లో మాత్రం ఆయన అయివోరు. ఆ నియమం ప్రకారం రత్నమ్మ ఆహార మంత్రి అయింది. బలంగా ఉంటాడని మునిరాజు క్రీడా మంత్రి అయ్యాడు.

నా గెలుపును నాకంటే ఎక్కువగా మోసింది అవ్వ. బావి దగ్గర, ఆకు తోట దగ్గర, మా మనమడు ప్రధాని అయినాడంట అని కనపడినవాళ్లకల్లా చెప్పింది. ఒక ముసలమ్మ వచ్చి తన వీధిలో దీపం వెలగడం లేదని నాకు విన్నవించుకుంది. నేను తప్పకుండా చూస్తానని మాటిచ్చాను కూడా. ప్రమాణ స్వీకారం శనివారం అని తెలియగానే అవ్వ ట్రంకుపెట్టె తెరిచి ఎర్రంచు పట్టుచీర బయటికి తీసింది. జన్మంతా పట్టు పండించిన మనిషికి ఉన్నది ఆ ఒక్క పట్టుచీర. రవిక బిగుతైపోయిందని బాగేపల్లికి పంపి కొత్తది కుట్టించింది. నేను ప్రమాణం కన్నడంలో బట్టీపట్టి సాయంత్రాలు తట్టల ముందు నిలబడి చదివేవాణ్ని. పురుగులు శ్రద్ధగా వినేవి. అంత మంచి శ్రోతలు నాకు మళ్లీ దొరకలేదు.

మేష్ట్రు తరబేతి సోమవారం మొదలైంది. బడి మైదానాన్ని చదును చేయడానికి ఒక రాతి గుండు ఉండేది. దానికి తాడు కట్టి, మంత్రివర్గమంతా కలిసి మైదానం ఆ చివరికి లాగండి అన్నారు. అందరూ తాడు పట్టుకున్నారు. నేను మాత్రం గుండుకు ఎదురుగా నిలబడి, చేయి ఊపుతూ, లాగండి, లాగండి అని అరిచాను. గుండు కదల్లేదు.

"ప్రధాని యాడుండాడప్పా?" అన్నారు మేష్ట్రు.

"ముందర ఉండాను సార్. దారి చూపిస్తాండాను."

"దారి గుండుకు కనపడతా ఉండాది లేప్పా. నువ్వు తాడు పట్టుకో."

పట్టుకున్నాను. పట్టుకుని కూడా అరుస్తూనే ఉన్నాను. నా అరుపుకు వాళ్ల అడుగు తప్పి గుండు పక్కకు తిరిగి కంచెలోకి పోయింది. మరుసటి రోజు కళ్లకు గంతలు. ఒకరికి గంతలు కట్టి ఇంకొకరు చేయి పట్టుకుని నడిపించాలి. మునిరాజును నా చేతికిచ్చారు. ఐదో తరగతి పిల్లలు గోడ మీద వరుసగా కూర్చుని చూస్తున్నారు. నేను వాళ్ల వైపు చూసి ప్రధాని నవ్వు నవ్వుతూ నడిచాను. మునిరాజు మోకాలి దాకా పేడగుంటలో దిగాడు. వాడు గంతలు విప్పుకోకుండానే, "ఇది యాడికి తోలుకొస్తివిరా," అని మాత్రం అన్నాడు.

బుధవారం మేష్ట్రు మమ్మల్ని వరుసగా నిలబెట్టి షరతు పెట్టారు. శనివారం లోపల మంత్రివర్గమంతా కలిసి ఊళ్లో ఎవరిదైనా ఒక పని చేయాలి. ఏ పనైనా సరే. ఆ పని ఎవరిదో వాళ్లు శనివారం బడికి వచ్చి, అందరి ముందర, చేశారని చెప్పాలి. చెబితే ప్రమాణం. చెప్పకపోతే ప్రధానిని మారుస్తారు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన ఇంకెవరి వైపూ చూడలేదు.

నాకు భయం వేసింది, కాని కొంచెంసేపే. ఎందుకంటే శుక్రవారం మా పురుగులు పండబోతున్నాయి. పండిన పురుగు ఆకు మానేసి, పచ్చరంగు పోయి, పసుపుగా తేలిపోతుంది. గూడు కట్టడానికి చోటు వెతుకుతూ తల ఊపుతుంది. అప్పుడు దాన్ని ఏరి చంద్రిక మీద వేయాలి. చంద్రిక అంటే మంచమంత వెదురు చాప, దాని మీద వెదురు బద్ద చుట్లు చుట్లుగా కుట్టి ఉంటుంది, పురుగు ఆ చుట్ల మధ్య గూడు కడుతుంది. ఆలస్యమైతే తట్టలోనే నూలు పారబోసుకుని చస్తుంది. అందుకే పండిన రోజు వీధి వీధంతా ఒకరింటికొకరు పోయి ఏరుతారు. నా లెక్క ఏమిటంటే, పని మా ఇంట్లోనే ఉంది, సాక్షి మా అవ్వే. సొంత అవ్వ మనవడి గురించి చేయలేదని చెబుతుందా? పెళ్లికి ముందే పల్లకి ఎక్కినట్టు ఊరేగుతూ ఇంటికి వచ్చాను.

మంత్రులకు ఒక ఆజ్ఞ కూడా జారీ చేశాను. మంత్రులు మంత్రుల్లాగా రావాలి, స్నానం చేసి, తల దువ్వుకుని, పౌడరు పూసుకుని రండి అన్నాను. పురుగుల ఇంట్లో పుట్టి పెరిగినవాడు చెప్పాల్సిన మాట కాదది. ఊళ్లో సగం ఇళ్లలో పురుగులే, వాళ్లకూ తెలుసు. రత్నమ్మ అడిగింది కూడా, "పురుగులకు వాసన పడదు కదప్పా?" అని. నేను పదవిలో ఉన్నాను, అందుకని వినలేదు. శుక్రవారం పొద్దున మంత్రివర్గం మా గడప ముందు నిలబడేసరికి వీధంతా పెళ్లివారి విడిది వాసన. రత్నమ్మ ఒక్కతే ఏమీ పూసుకోకుండా వచ్చింది. నేను మా చిన్నాన్న సెంటు కూడా కొట్టుకున్నాను.

అవ్వ ఒక్కొక్కరినీ వాసన చూసింది. రత్నమ్మను లోపలికి పంపింది. మిగతావాళ్లను తొట్టి దగ్గరికి తోలి వట్టి నీళ్లతో మెడలు, ముఖాలు రుద్ది రుద్ది కడిగించి పంపింది. నన్ను కూడా కడిగించింది, మళ్లీ వాసన చూసింది, మళ్లీ కడిగించింది. ఆ సెంటు మా చిన్నాన్నకు ఎవరు అమ్మారో గాని నిజాయితీపరుడు, వాసన ఎంతకూ పోలేదు.

"నువ్వు లోపలికొద్దు," అంది అవ్వ. "పందిట్లో నిలబడి చంద్రిక పట్టుకో. నిండినవి ఒకటొకటి తెచ్చి ఆనిస్తారు, గాలికి పడకుండా పట్టుకుంటే సాలు."

ప్రధానికి ఇచ్చిన శాఖ అది. పురుగు గూడు మొదలుపెట్టే ముందు ఒకసారి ఒంట్లో నీళ్లన్నీ వదిలేస్తుంది. అందుకే నిండిన చంద్రికలను ముందు బయట నీడన వాలుగా నిలబెడతారు. నేను ఆ వాలు కింద నిలబడ్డాను. నా తల మీద చుక్క చుక్కగా అభిషేకం మొదలైంది. లోపల నుంచి నవ్వులు వినపడుతున్నాయి. మునిరాజు ఏదో అంటున్నాడు, అందరూ నవ్వుతున్నారు, అవ్వ కూడా నవ్వుతోంది. తట్టలు చేతులు మారుతున్న చప్పుడు. నా మంత్రివర్గం నేను లేకుండా పనిచేస్తోంది, నాతో ఉన్నప్పటికంటే బాగా పనిచేస్తోంది. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు, కడుపుమంట.

ఓర్చుకోలేకపోయాను. చంద్రికను పందిరి గుంజకు ఆనించి, కిటికీ దగ్గరికి వెళ్లి, చువ్వల మధ్య తల పెట్టి, "రత్నమ్మా, పండినవే ఏరండి, పచ్చివి ఏరొద్దండి," అని ఆజ్ఞాపించాను. ఏది పండిందో ఏది పచ్చిదో నాకు ఆ దూరం నుంచి కనపడదు. రత్నమ్మ తలెత్తి నా వైపు కాకుండా నా వెనక్కి చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

చంద్రిక గాలికి జారి బోర్లా పడింది. పురుగులు నేల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎక్కడున్నాయో ఏమో మా ఇంటి కోళ్లు, పక్కింటి కోళ్లు అన్నీ రెక్కలు చాపుకుని పరుగెత్తుకొస్తున్నాయి. "కోళ్లు, కోళ్లు!" అని అరిచాను. మునిరాజు వసారా మీది నుంచి ఒక్క దూకు దూకి కోళ్ల మధ్య పడ్డాడు. రత్నమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా లంగా కుచ్చిళ్లు చెక్కి కూర్చుని పురుగులను ఒడిలోకి ఏరుతోంది. మిగతావాళ్లు చుట్టూ దడి కట్టినట్టు నిలబడి, కొందరు తరుముతూ, కొందరు ఏరుతూ, ఒకరి కాలికింద పురుగు ఉంటే ఇంకొకరు ఆ కాలు పట్టి ఆపుతూ, ఒక్క మాట లేకుండా పని కానిచ్చారు. కొన్ని కోళ్ల పాలయ్యాయి. చాలావరకు దక్కాయి. నేను అప్పటికీ అరుస్తూనే ఉన్నాను.

అవ్వ బయటికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పడిన చంద్రికను ఎత్తి, దుమ్ము ఊది, నా రెండు చేతులూ తీసుకుని దాని అంచుల మీద పెట్టింది.

"నువ్వు మాట్లాడొద్దు నాయనా. పట్టుకో."

పొద్దుపోయే దాకా పట్టుకున్నాను. మాట్లాడలేదు. తల మీద చుక్కలు పడుతుంటే తుడుచుకోలేదు. చివరికి పురుగులు ఒక్కొక్కటే సన్నని దారం అటూ ఇటూ అల్లడం మొదలుపెట్టాయి. అంత దగ్గర నుంచి నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. కొట్టడానికి బదులు అవ్వ నాకు అది చూపించిందా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం, సరే, చివరికి పట్టుకున్నాను కదా, రేపు అవ్వ ఆ మాటే చెబుతుంది అనుకున్నాను.

శనివారం అవ్వ ఎర్రంచు చీర కట్టుకుని, కొత్త రవిక తొడుక్కుని బడికి వచ్చింది. తలకు కొబ్బరి నూనె పెట్టుకుంది, పంట చంద్రిక ఎక్కింది కాబట్టి ఇక వాసన భయం లేదు. వీధి ఆడవాళ్లు ఆమె వెనకాల వచ్చారు. వీధి దీపం ముసలమ్మ కూడా వచ్చింది. బడి వసారా మీద మేష్ట్రు ఆమెకు కుర్చీ వేశారు, ఆమె కూర్చోలేదు.

"అమ్మా, పిల్లోళ్ళు మీ ఇంట్లో పని చేసినారా?"

"చేసినారు అయివోరా. నా పంట నిలిచిందంటే ఈ పిల్లోళ్ళ చలవే. బంగారట్ల పిల్లోళ్ళు."

నేను తలెత్తి, ప్రమాణం మొదటి మాట నాలుక మీదికి తెచ్చుకున్నాను.

"మీ మనమడు?" అన్నారు మేష్ట్రు.

అవ్వ నా వైపు చూసింది. కొంగు సర్దుకుంది.

"వానికి ఒక చంద్రిక పట్టుకోమని ఇస్తి అయివోరా. ఇడిసిపెట్టి మాట్లాడేకి పోయినాడు."

"మల్ల?"

"మల్ల పట్టుకున్నాడు. చెప్పినాక."

"అయితే ప్రధానిని చేద్దామంటారా?"

అవ్వ గొంతు తగ్గించింది గాని అందరికీ వినపడింది. "ఈ యేడు వద్దప్పా," అంది.

మేష్ట్రు మంత్రివర్గం వైపు తిరిగి, మీలో ఎవరు అని అడిగారు. అందరూ రత్నమ్మను చూపించారు. ఆమె ప్రమాణం కాగితం చూసి చదివింది, నాకు నోటికి వచ్చు. నన్ను ఏం చేయాలో తోచక మేష్ట్రు కొంచెంసేపు గడ్డం గోక్కున్నారు. సంసత్తు అన్నాక విరోధ పక్షం ఉండాలి కదా, మాట్లాడేదే ఆ పని, అని నన్ను ప్రతిపక్ష నాయకుణ్ని చేశారు. నా పక్షంలో నేనొక్కణ్నే. పిల్లలు చప్పట్లు కొట్టారు, వాళ్లది మంచి మనసే, కాని నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. పంట సందర్భంగా ఆ పూట పప్పులో తాలింపు వేశారు. ఆవాలు చిటపటలాడి, ఇంగువ వాసన వీధిలోకి పోతుంటే ఆకలితో కడుపు మెలిపెడుతోంది, అయినా గోడవైపు తిరిగి పడుకున్నాను. అవ్వ చీర మార్చుకుని వచ్చి పక్కన కూర్చుని దాన్ని మడత పెట్టసాగింది.

"నువ్వు సొంత అవ్వవేనా?" అన్నాను గోడతో.

"నేను ఈ చీర కట్టింది నువ్వు పమాణం చేసేది సూద్దామనే కదరా," అంది. "వద్దని చెప్పేకి ఎవురన్నా పట్టుచీర కట్టుకుంటారా?"

"మల్ల ఎందుకు చెప్తివి?"

"అయివోరు అడిగినాడు కదరా. ఏం చెప్పల్ల నేను?"

అంతే అంది. నేను తిరిగి చూస్తే ఆమె మడత విప్పి మళ్లీ పెడుతోంది, అంచు కలవడం లేదు. ఈ పదవి నాకంటే ఆమెకే ఎక్కువ కావాలని నాకు అప్పుడు తెలిసింది. తెలిసినా, ఏడుపు మాని లేవడానికి ఇంకొంచెంసేపు పట్టింది. పప్పు బాగుంది.

ఆ ఏడంతా నేను రత్నమ్మ ప్రభుత్వాన్ని నిద్రపోనివ్వలేదు. ట్యాంకు కడిగారా లేదా అని ప్రతి శనివారం లేచి అడిగేవాణ్ని. ప్రతిసారీ కడిగి ఉండేది. ఆ తర్వాత నేను తాలూకు ఆఫీసులో ఉద్యోగం చేశాను, పత్రికలకు రాశాను, అన్నిచోట్లా చేసింది ప్రతిపక్షం పనే. రత్నమ్మను నాగరగెరెలో ఇచ్చారు. గౌరిబిదనూరు వైపు పెళ్లిళ్లలో కనపడితే, ఏమప్పా విరోధ పక్షం, బాగుండావా, అని పలకరిస్తుంది. ఇప్పుడు ఆమె పురుగుల ఇల్లు తోటలో వేరేగా ఉంది, చంద్రికలు ప్లాస్టిక్‌వి, కోళ్లు రావడానికి సందు లేదు. మా ఇంట్లో ఇప్పుడు పురుగులు లేవు, అందువల్ల తాలింపు రోజూ ఉంటుంది. రోజూ ఉన్నందువల్లనేమో ఆ రోజంత రుచి లేదు.

ఇప్పటి తరబేతిలో ఎవరికీ వద్దు అని చెప్పరు. ఆ కుర్రాడు కప్పు నిలబడినా సూపర్ అంటున్నాడు, పడినా సూపర్ అంటున్నాడు. చివర్లో అందరికీ సర్టిఫికెట్లు ఉన్నాయట. మొదట నాకు నవ్వొచ్చింది, తర్వాత అసూయ కలిగింది. మా బడి మొత్తం చూస్తుండగా ఏడ్చిన పిల్లవాణ్ని నేను, ఆ పిల్లవాడితో ఎవరైనా ఒక సూపర్ అని ఉంటే బాగుండేదని ఎప్పుడూ అనుకోలేదని చెప్పలేను. ఏ పద్ధతి మంచిదో తేల్చే తెలివి నాకు లేదు. వాదించమంటే రెండు వైపులా వాదిస్తాను.

ఇక దారం సంగతి. ఆట మొదలవగానే నేను అనుభవజ్ఞుణ్ని కాబట్టి, "నువ్వు ఎడమకు, నువ్వు కుడికి, అందరూ నన్ను చూడండి," అన్నాను. అని, నా దారం గట్టిగా లాగాను. బ్యాండు నా వైపు వచ్చేసింది, కప్పు ఎగిరి బ్యానరులోని నా ముక్కుకు తగిలింది. కుర్రాడు సూపర్ అన్నాడు. నా ఎదురుగా ఉన్న పిల్ల పేరు చైత్ర, ఆరోగ్య మంత్రి. నన్ను ఒక నిమిషం పరీక్షగా చూసింది.

"తాతా, మీరు లాగొద్దండి. మాట్లాడొద్దండి. పట్టుకోండి, సాలు."

నేను పట్టుకున్నాను. పిల్లలు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ దారాలు సాగదీశారు. బ్యాండు వెడల్పయింది, కప్పు మీదికి దిగింది, బిగుసుకుంది. కప్పు గాల్లోకి లేచింది. నా చేతిలో దారం సన్నగా వణుకుతోంది, ఆ వణుకులో అవతలి పిల్లల వేళ్లు కూడా తెలుస్తున్నాయి. కప్పు మీద కప్పు, దాని మీద ఇంకో కప్పు, చివరిది కూడా కూర్చుంది.

ఆట అయ్యాక కుర్రాడు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. పక్కవాళ్లు ఎట్లా చేశారో ఒక్కొక్కరు చెప్పాలట, అది కూడా ఆటలో భాగమే. చైత్ర వంతు వచ్చినప్పుడు సునందమ్మ నవ్వుతూ, "మన మాజీ ప్రధాని సార్ ఎట్ల చేసినారు, చెప్పు పాపా," అంది. ఆ పిల్ల జడ ముందుకు వేసుకుని ఆలోచించింది. ఈ వయసులో, ఆరోగ్య మంత్రి ముందు నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"మొదట లాగినాడు. కప్పు పడిపోయె," అంది. "మల్ల పట్టుకున్నాడు. చెప్పినాక."

"అయితే మన టీములో ఉండనిద్దామా?"

చైత్ర మిగతా మంత్రుల వైపు చూసింది. వాళ్లు తలలూపారు.

"ఉండనీండి మిస్," అంది.

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. సభలో రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. జీవితంలో మొదటిసారి మైకు వెనక్కి ఇచ్చేశాను. ఈ యేడు వద్దు అంది మా అవ్వ. ఇన్నాళ్లకు ఆ యేడు అయిపోయింది.